షాబ్లీలో వాసనే లేదు, బోర్డోలో వగరొక్కటే: కారణం చల్లదనం

షాబ్లీ అనే ఫ్రెంచ్ తెల్ల వైన్‌లో వాసన తెలియలేదని, బోర్డో అనే ఫ్రెంచ్ ఎర్ర వైన్‌లో వగరే తగిలిందని అన్నారు కదా. రెండు సీసాలూ ఫ్రిజ్‌లోంచి నేరుగా గ్లాసులోకి వచ్చినట్టున్నాయి. అంత చలిలో షాబ్లీ పరిమళం పైకి లేవదు, బోర్డోలోని టానిన్ల (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థాల) వగరు మరింత గరుకుగా తగులుతుంది.

1. షాబ్లీని 10–12 డిగ్రీలకు, బోర్డోను 16–18 డిగ్రీలకు రానివ్వండి.

2. గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: మింగగానే నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదలండి. నాలుకకు తెలిసేవి పులుపు, తీపి, చేదు వంటి కొన్ని రుచులే. మిగతాదంతా గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే ఆవిరే. ఈ ఒక్క ఊపిరికి తొందరపడకండి, రెండు మూడు సార్లు చేయండి.

4. అప్పుడే రాసుకోండి. షాబ్లీలో నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, తడి రాయి. కాబెర్నే సోవిన్యోన్ అనే నల్లద్రాక్ష రకం ఎక్కువున్న బోర్డోలో చెక్కిన పెన్సిల్ వాసన వెతకండి. నేరేడుపండు గుర్తొస్తే నేరేడు అనే రాయండి.