తాడు లాగితే స్టార్ట్ కావడం లేదు, కొత్తది కొనేయాలా?

ప్రశ్న: మా లాన్ మోవర్‌కి పన్నెండేళ్లు. పెట్రోల్‌ది, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. గడ్డి పెరగని నాలుగు నెలలూ మూలన పెట్టి మొన్న బయటికి తీశాను. భుజం నొప్పెట్టేదాకా లాగితే ఒక్కసారి మాత్రం రెండు సెకన్లు ఆడి దగ్గినట్టు ఆగిపోయింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడ కొత్తది కొనేయమంటోంది, మా అబ్బాయి బ్యాటరీదే కొనాలంటున్నాడు, నాకేమో పాతదాన్ని వదలబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంకో వారం ఆగండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. రెండు సెకన్లు ఆడిందంటే స్పార్క్ వస్తోంది, ఇంజిన్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కే పట్టు) ఉంది, అందనిది పెట్రోలే. నాలుగు నెలలు ట్యాంకులో అలాగే వదిలేసి ఉంటారు, అవునా? పెట్రోల్ నిలవ ఉంటే తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి మిగిలింది జిగురులా తయారవుతుంది. అందులో ఇథనాల్ కలిసి ఉంటే గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. ట్యాంకు మూత తీసి ఒకసారి వాసన చూడండి, పెట్రోల్ ఘాటు కాకుండా పాత వార్నిష్ డబ్బా వాసన వస్తే దొంగ దొరికినట్టే.

ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని ఆ పెట్రోలంతా తీసేయండి. తర్వాత పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే కార్బురేటర్ కింద చిన్న గిన్నెలాంటిది ఉంటుంది, చాలా మోడళ్లలో ఒక్క బోల్టు విప్పితే ఊడొస్తుంది. అందులో ఉన్నదాన్ని గాజు సీసాలోకి వంచి వెలుగులో చూడండి, అడుగున నీళ్లు విడిగా తేరుకుని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అసలు రోగం ఉండేది జెట్ అనే సన్నటి రంధ్రంలో. సన్న రాగి తీగ పోగు ఒకటి మెల్లగా పోనిచ్చి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి. సూదులూ మేకులూ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ తర్వాత ఎప్పుడూ సరిగ్గా ఆడదు.

పనిలో పనిగా స్పార్క్ ప్లగ్ కూడా విప్పి చూడండి. తాడు అన్నిసార్లు లాగాక కూడా దాని మొన పొడిగానే ఉంటే పెట్రోల్ రావడం లేదన్న నా అనుమానం నిజమే. తడిగా ఉంటే నేను పొరబడ్డాను, ప్లగ్ మార్చి చూడండి. మసి పట్టి నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. ప్లగ్గు, ఫిల్టరు, అరలీటరు పైచిలుకు ఆయిల్, ఈ మూడూ కలిపినా కొత్త మోవర్ ఖర్చులో చిన్న ముక్క. ఇంతా చేసి తాజా పెట్రోల్ పోస్తే నూటికి తొంభై మార్లు లేస్తుందని లెక్క చెప్పలేను గానీ, నా చేతికి వచ్చిన మొండి మిషన్లలో ఎక్కువ భాగం ఇలాగే లేచాయి.

మరి ఎప్పుడు వదిలేయాలంటారా? తాడు లాగుతుంటే అడ్డమన్నదే తగలకుండా వచ్చేస్తుంటే, వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే, లోపల పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయినట్టు. అంతకంటే ముఖ్యం బ్లేడు చుట్టూ ఉండే ఇనుప తొడుగు, డెక్ అంటారు. తుప్పు పట్టిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. దిగబడిపోయిందంటే ఇంజిన్ ఎంత బాగున్నా సరే ఇక చాలించండి. బ్లేడు నిమిషానికి దాదాపు 3000 చుట్లు తిరుగుతుంది, దాని కింద పడిన గులకరాయి ఆ కన్నంలోంచి మీ కాలి మీదికే వస్తుంది.

ప్రశ్న: గడ్డిలో దాగిన రాయికి బ్లేడు తగిలి ఇంజిన్ టక్కున ఆగింది. మళ్లీ స్టార్ట్ అయింది గానీ చేతులు తిమ్మిరెక్కేంత వణుకు. బ్లేడు సాన పట్టిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ, ముందు దాన్ని నడపడం ఆపండి. స్పార్క్ ప్లగ్ మీది వైరు పీకి దూరంగా కట్టేయండి, ఈ పని మరిచిపోయి బ్లేడు ముట్టుకోవద్దు, చేత్తో తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు. తర్వాత మోవర్‌ని పక్కకి వంచండి, ఎయిర్ ఫిల్టర్ పైకి వచ్చేలా. నేనొకసారి తొందరలో అటుది ఇటు వంచాను, ఆయిలంతా ఫిల్టర్‌లోకి దిగి, స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ వీధంతా కమ్మేసి పక్కింటాయన బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు బ్లేడు ఒక కొస దగ్గర డెక్ అంచుకీ దానికీ మధ్య ఎంత ఎడం ఉందో పుల్లతో కొలవండి. బ్లేడుని అర చుట్టు తిప్పి రెండో కొసని అదే చోటికి తెచ్చి మళ్లీ కొలవండి. తేడా వస్తే బ్లేడు వంగింది, లేదా అది బిగించి ఉన్న క్రాంక్ షాఫ్ట్ అనే ఇంజిన్ ఇరుసు వంగింది. కొత్త బ్లేడు వేసి కొలిచినా తేడా అలాగే ఉంటే షాఫ్ట్ వంగినట్టే. సుత్తితో కొట్టి తిన్నగా చేస్తానని ఎవరైనా అంటే ఇవ్వకండి. షాఫ్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి, పాత మోవర్‌కి అంత ఖర్చు దండగ. నా దృష్టిలో కొత్తది కొనడానికి అసలైన కారణం ఇదే.

దెబ్బ తగిలాక స్టార్ట్ చేసేటప్పుడు తాడు వెనక్కి లాక్కుంటోందా? అలాగైతే ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని షాఫ్ట్‌కి కదలకుండా పట్టి ఉంచే చిన్న కీ తెగి ఉంటుంది, దాంతో స్పార్క్ వేళ తప్పుతుంది. అది వేలెడంత కూడా ఉండని మెత్తటి లోహపు ముక్క, దానికోసం మోవర్ మార్చక్కర్లేదు.

ప్రశ్న: పాతది అమ్మేశాను. బ్యాటరీది తీసుకోవాలా, పెట్రోల్‌దా? షాపులో వోల్టులు ఎక్కువుంటే మంచిదన్నారు.

జవాబు: వోల్టులు ఒక్కటే చూస్తే మోసపోతారు. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి, అప్పుడు బ్యాటరీలో ఎంత సరుకుందో తెలుస్తుంది. 36 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 180 వాట్ అవర్లు. 56 వోల్టులదే అయినా 2.5 ఉంటే 140 మాత్రమే. ఇంకో తమాషా, కొన్ని పెట్టెల మీద 40 అని పెద్దగా వేసి కింద చీమతలకాయంత అక్షరాల్లో 36 అని ఉంటుంది. నిండా చార్జ్ అయినప్పుడు కనిపించే అంకె ఒకటి, పనిచేసేటప్పుడు ఉండేది ఇంకొకటి.

మీ లాన్ ఒక్క చార్జ్‌లో అయిపోయేంత చిన్నదైతే, వారానికోసారి కోసే అలవాటు ఉంటే, బ్యాటరీదే తీసుకోండి. చప్పుడు తక్కువ, పైన మొదటాయన పడ్డ కార్బురేటర్ టెన్షన్ ఉండదు. మోకాలెత్తు పెరిగేదాకా వదిలేసి తడి గడ్డిలో దింపితే మాత్రం చార్జ్ చూస్తుండగానే అయిపోతుంది. పెద్ద స్థలం, దట్టమైన గడ్డి, మధ్యలో ఆగే ఓపిక లేదు అంటే ఇప్పటికీ పెట్రోలే. కొనేముందు విడి బ్యాటరీ ధర అడగండి, అదే కంపెనీది తప్ప వేరేది సాధారణంగా పట్టదు. ఎండకి కాలే రేకుల షెడ్డులో బ్యాటరీ వదలకండి, నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో చల్లటి చోట పెట్టండి.

మీరు అడగలేదు గానీ, ఇంజినే లేకుండా తోసే రీల్ మోవర్ ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంట్ తీసుకున్న పద్ధతే, బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రం చూసి ఆయనకి తట్టిందంటారు. కత్తెరలా కోస్తుంది కాబట్టి కోత నున్నగా వస్తుంది. నాలుగు గదులంత లాన్‌కి నేనైతే అదే కొంటాను. కాకపోతే గడ్డి ఎత్తు పెరగనిస్తే కోయదు, వంచి దాని మీదుగా వెళ్లిపోతుంది.

ప్రశ్న: కొత్త పెట్రోల్ మోవర్ రేపు వస్తోంది. పెట్టె విప్పి పెట్రోల్ పోసి నడిపేయొచ్చా? పాతదాంట్లో మిగిలిన పెట్రోల్ పోస్తే పర్వాలేదా?

జవాబు: పోయకండి, ఆ పెట్రోల్ వల్లే ఈ పేజీ సగం నిండింది. తీసేసిన పెట్రోల్, పాత ఆయిల్ కాలవలోనో మట్టిలోనో పారబోయకుండా మూత బిగించిన డబ్బాల్లో మెకానిక్కి ఇవ్వండి. పెట్టె విప్పగానే మొదట ఆయిల్ పుల్ల బయటికి తీసి చూడండి. కొత్త ఫోర్ స్ట్రోక్ మోవర్లు, అంటే ఆయిల్‌ని పెట్రోల్‌లో కలపకుండా విడిగా పోసేవి, చాలావరకు ఇంజిన్‌లో ఆయిల్ లేకుండానే వస్తాయి, సీసా పెట్టెలో విడిగా ఓ మూల ఉంటుంది. అది చూసుకోక తాడు లాగి, పది నిమిషాల్లో కొత్త ఇంజిన్ పట్టేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. పుల్ల మీద గీత దాకా ఆయిల్ పోశాకే పెట్రోల్ పోయండి.