‘చూపు మందగించింది’లో ‘మంద’ ఎక్కడిది?

విశాఖలో కంటి వైద్యుడు మీ అమ్మగారికి ‘చూపు మందగించింది’ అన్నారని, గోడ మందానికీ చూపుకీ సంబంధం ఏమిటని అడిగారు.

ఇక్కడున్నది సంస్కృత ‘మంద’ శబ్దం. మెల్లనిది, చురుకు లేనిది, బలం తగ్గినది, కాంతి తక్కువైనది: అన్నీ దాని అర్థాలే. జీర్ణశక్తి తగ్గితే మందాగ్ని, బుద్ధి సాగకపోతే మందమతి, ఓటర్లు కదలకపోతే పోలింగ్ మందకొడి. సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో కూర్చున్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు మీ అమ్మగారికి మసకగా ఆనితే అది మందదృష్టి. అదే సమయంలో ఆవిడ చెంపకు హాయిగా తగిలే గాలి మందమారుతం! తిట్టుకూ పొగడ్తకూ పనికొచ్చే మాట ఇది. మందహాసాన్ని ఎవరూ తప్పుపట్టరు కదా.

నాకు బాగా నచ్చేది శని సంగతి. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి ఆ గ్రహానికి సుమారు 29.5 ఏళ్లు పడుతుంది. కంటికి తేలిగ్గా కనిపించే ఐదు గ్రహాల్లో అదే అన్నిటికన్నా నెమ్మది. అందుకే శనికి ‘మందుడు’ అని పేరు, శనివారానికి ‘మందవారం’ అని పేరు. ‘శనైశ్చరుడు’ అన్నా మెల్లగా నడిచేవాడనే.

గోడ మందంలోని ‘దళసరి’ అర్థాన్ని చూపు దగ్గరికి తేనక్కరలేదు. గొర్రెల మంద, వేసుకునే మందు అసలే వేరు. మందు అచ్చమైన ద్రావిడ పదం. తమిళ ‘మరుందు’, కన్నడ ‘మద్దు’ దాని తోబుట్టువులు.