సొంత మట్టి ఇటుకా, ప్రీకాస్ట్ గోడలా? కట్టుకున్నవాడిగా నా మాట

బెంగళూరులో 30×40 సైటు ఉంది, సిమెంటు, కాల్చిన ఇటుక వీలైనంత తగ్గించాలి, ప్రీకాస్ట్ మేలా, మట్టి ఇటుక మేలా అని అడిగారు. నాలుగేళ్ల కిందట హోస్కోటె వైపు అదే కొలత సైటులో మేం మట్టి ఇటుకలతో కట్టుకున్నాం.

ప్రీకాస్ట్ అంటే ముందే అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడల్ని తెచ్చి క్రేన్‌తో నిలబెట్టడం. దాని సంగతి తొందరగా చెప్పేస్తాను. చెన్నై పెరుంబాక్కంలో 1,152 ఇళ్లు ఆ పద్ధతిలో కట్టారు. ఒకే అచ్చు అన్నిసార్లు వాడితే గిట్టుతుంది. ఒక్క ఇంటికి, అదీ క్రేన్ తిరగని సందులో, దండగ. పైగా అదీ కాంక్రీటే కదా. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్‌లో సగానికి పైగా సున్నపురాయి విడిపోవడం వల్లే వస్తుంది, బొగ్గు మానేసినా అది ఆగదు.

మట్టి ఇటుకను కాల్చరు. జల్లించిన మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కుతారు. మన ఊళ్లోనే, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) 1974లో మొదలైన 'ఆస్ట్ర' కేంద్రం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది.

ముందు మీ మట్టి చూడండి. సంపు తవ్వినప్పుడు వచ్చిన మట్టిని గాజు సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, బాగా ఊపి వదిలేయండి. మర్నాటికి అడుగున ఇసుక, పైన బంక తేలతాయి. మాది ఎర్రమట్టి, బంక ఎక్కువ. అలాగే నొక్కితే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) కలిపాక దారికొచ్చింది.

ఒక్కో ఇటుక దాదాపు 8 కిలోలు. 7 శాతం లెక్కన సిమెంటు అర కిలో పైచిలుకు. ఇక్కడే మా మేస్త్రితో పేచీ. "ఇంత తక్కువేస్తే గోడ నిలబడదు సార్" అని నేను లేనప్పుడు ఇంకో పార వేసేవాడు! మా మామగారు మదనపల్లె నుంచి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే గానీ ఆగలేదు. అలా 12 శాతానికి పోతే ఇంత కష్టం ఎందుకు పడ్డట్టు?

ఇంకో తప్పు నాదే. మొదటి విడత ఇటుకల్ని ఎనిమిది రోజులకే గోడకెక్కించాం, మూలలు చేత్తో రాలాయి. మూడు వారాలు గోనెపట్టాలు కప్పి తడపాల్సిందే. తర్వాత ప్రతి విడతలో రెండేసి ఇటుకలు రాత్రంతా బకెట్లో నానబెట్టి, తెల్లారి గోరుతో గీకి చూసేవాణ్ని.

ప్లాన్ మాత్రం ఇటుక కొలతతోనే గీయించండి. మాది 230 మిల్లీమీటర్ల ఇటుక, మోర్టార్‌తో కలిపి 240. గోడలు, కిటికీలు దానికి సరిగ్గా ఇన్ని రెట్లు అన్నట్టు ఉంటే కోత ఉండదు. వంటింటి కిటికీ మా ఆవిడ అడిగిందని ఒక జానెడు జరిపాం. ఆ ఒక్క గోడకే ఎన్ని ముక్కలు చెత్తలో పడ్డాయో!

స్లాబ్‌లోనూ సిమెంటు మిగిలింది. కింది భాగంలో కాంక్రీటు పెద్దగా పనిచేయని చోట మంగళూరు పెంకులు పెట్టించి ఫిల్లర్ స్లాబ్ వేశాం. బయటి గోడలకు ప్లాస్టరింగ్ మానేశాం. అయితే చూరు జాగ్రత్త. పడమటి వైపు అడుగే వదిలాం, అక్కడ కింది రెండు వరసలు జల్లుకు గరుకు తేలాయి. మీరు రెండడుగులైనా వదలండి.