సీటీ నార్మల్ అన్నాక మళ్లీ ఎంఆర్‌ఐ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. రాత్రి పదింటికి మామూలుగానే పడుకున్నారు. తెల్లవారి ఆరింటికి లేచేసరికి మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవలేదు. సీటీ నార్మల్ అన్నారు. అయినా ఎంఆర్‌ఐ తీశాకే రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. అంత ఆలస్యం అవసరమా? నెల తర్వాత మళ్లీ తీయించాలా?

జవాబు: అది ఆలస్యం కాదండీ. ఆ ఎంఆర్‌ఐ వల్లే ఇంజెక్షన్ ఇవ్వడం కుదిరింది. మామూలుగా ఆ మందును పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నిద్రలో వస్తే ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఆయన చివరిసారి బాగున్నది పదింటికి, అంటే లెక్కకు ఎనిమిది గంటలు దాటిపోయినట్టే. ఇక సీటీ ముఖ్యంగా తేల్చేది మెదడులో రక్తస్రావం ఉందా లేదా అన్నది. రక్తం అందక దెబ్బతిన్న భాగం తొలి గంటల్లో అందులో తరచూ కనిపించదు.

ఎంఆర్‌ఐలో రెండు రకాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తారు. మొదటిది డిఫ్యూజన్. రక్తం ఆగిన కొద్దిసేపటికే కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. నీటి అణువులకు కదలిక తగ్గి ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. అదే చోటు ఏడీసీ మ్యాప్‌లో, అంటే డిఫ్యూజన్ నుంచే లెక్కగట్టి తీసే జంట చిత్రంలో, నల్లగా ఉండాలి. అక్కడా తెల్లగానే ఉంటే అది పాత దెబ్బ కావచ్చు. రెండోది ఫ్లెయిర్. దీనిలో మార్పు తేలడానికి కొన్ని గంటలు పడుతుంది. డిఫ్యూజన్‌లో మెరుస్తున్న చోట ఫ్లెయిర్‌లో ఏమీ లేకపోతే, నాలుగున్నర గంటలు బహుశా దాటలేదని అంచనా. మీ నాన్నగారి డాక్టర్లు చూసిందీ ఇదే అయ్యుంటుంది. 2018లో వచ్చిన వేక్-అప్ అధ్యయనంలో ఇలాంటివారికే ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు నెలలకు బాగా కోలుకున్నవారు మందు తీసుకున్నవారిలో 53 శాతం, తీసుకోనివారిలో 42 శాతం.

ఎంఆర్‌ఐ కూడా తప్పిపోతుంది. మెదడు కాండంలో వచ్చే చిన్న స్ట్రోక్ (పక్షవాతం) మొదటి రోజు డిఫ్యూజన్‌లో పడకపోవచ్చు. తల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే రిపోర్టు కన్నా లక్షణాలకే ఎక్కువ విలువ ఇస్తాం.

ఎంఆర్‌ఐ గదిలోకి పంపేముందు వెండి మొలతాడు, తాయెత్తు, తీసిపెట్టే పళ్ల సెట్టు, వినికిడి యంత్రం తీసేయాలి. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, వెల్డింగ్ పనిలో కంట్లో పడిన ఇనుప రజను ఉంటే అడగకముందే చెప్పండి. ఇక్కడ మరుపు ప్రమాదం.

కోలుకుంటున్నవారికి నెలకోసారి ఎంఆర్‌ఐ అక్కర్లేదు. వారం పది రోజులకు ఏడీసీలో నలుపు తగ్గిపోతుంది, డిఫ్యూజన్‌లో తెలుపు మాత్రం ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. దాన్ని చూసి కొత్త స్ట్రోక్ అనుకుని హడలిపోకండి. ఆ డబ్బు మెడ రక్తనాళాల డాప్లర్‌కు, గుండె లయ తప్పుతోందేమో చూసే హోల్టర్‌కు పెట్టడం మేలు, అవి ఇంకా చేయించకపోతే. కొత్తగా మాట తడబడినా, చెయ్యి జారినా మాత్రం గంట కూడా ఆగకుండా స్ట్రోక్ చికిత్స ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. పాత స్కాన్ ఫిల్ములతో పాటు సీడీ కూడా పట్టుకెళ్లండి. ఏడీసీ మ్యాప్ ఫిల్ము మీద చాలాసార్లు ఉండదు.