మెడికల్ షాపు కౌంటర్లో విజువల్ లెర్నర్ ఎవరు?

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న కంపెనీ, మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. హెల్ప్ పేజీలు రాసేది నేనొక్కదాన్నే. ఈమధ్య మా మేనేజర్ ఏదో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారు. మనుషులు చూసి, విని, చదివి, చేసి ఇలా నాలుగు రకాలుగా నేర్చుకుంటారట, కాబట్టి ప్రతి పేజీకీ వీడియో, ఆడియో, టెక్స్ట్, ప్రాక్టీస్ నాలుగూ ఉండాలంటున్నారు. పైగా లాగిన్ అవగానే ‘మీరు ఏ రకం?’ అని క్విజ్ కూడా పెట్టాలట. పేజీలేమో వందకు పైనే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ క్విజ్ ఆపించండి, మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు. జ్వరం బిళ్లల కోసం కస్టమర్ చెయ్యి చాపి నిలబడి ఉంటే, ‘మీరు కొత్త విషయం విని నేర్చుకుంటారా, చదివి నేర్చుకుంటారా’ అని అడిగే సాఫ్ట్‌వేర్‌ని ఆ షాపతను ఎన్ని మాటలంటాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ మేనేజర్‌గారు విన్నది వార్క్ అనే మోడల్. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన తయారు చేశారు, 1992లో దాని మీద పేపర్ వచ్చింది. ప్రశ్నలు చాలా బాగుంటాయి, జవాబులు రాస్తుంటే సరదాగా కూడా ఉంటుంది. కాకపోతే అది చెప్పేది మన ఇష్టాన్ని. నాకు వీడియో ఇష్టం అనేది ఒక సంగతి, వీడియోలో చెబితే నాకు బాగా వస్తుంది అనేది పూర్తిగా వేరే సంగతి. ఈ రెండో దానికి రుజువుందా అని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. వాళ్లు అడిగిన రుజువు న్యాయమైనదే: జనాన్ని రకాలుగా విడగొట్టండి, ఏ పద్ధతి ఎవరికి అన్నది లాటరీ తీసి నిర్ణయించండి, అందరికీ ఒకటే పరీక్ష పెట్టండి, చూసి నేర్చుకునేవాళ్లకు బొమ్మలతోనూ విని నేర్చుకునేవాళ్లకు మాటలతోనూ మార్కులు ఎక్కువ వస్తే అప్పుడు ఒప్పుకుంటాం అన్నారు. అలా పద్ధతిగా చేసిన పరిశోధనలే చాలా తక్కువ, చేసినవాటిలో కొన్నింటి ఫలితాలు ఈ సిద్ధాంతానికి ఎదురే తిరిగాయి. అంతకు ముందు 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం ఇలాంటి మోడళ్లను లెక్కపెడితే 71 తేలాయి. మీ మేనేజర్‌గారు ఇంకో ట్రైనింగ్‌కి వెళ్తే ఇంకో నాలుగు రకాలతో తిరిగొస్తారన్నమాట!

అలాగని అందరికీ ఒకే పేజీ చాలని కాదు. తేడాలున్నాయి, పెద్దవే. కాకపోతే అవి మనిషి పుట్టుకలో లేవు, ఆ పూట అతను ఏ పనిలో ఉన్నాడు, ఆ పని అతనికి ఎంతవరకు వచ్చు అన్నదాంట్లో ఉన్నాయి. ఉదయం మీ పేజీలో రెండు లైన్లకు మించి చదవని మనిషే రాత్రి షట్టర్ దించాక అదే విషయం మీద రెండు పేజీలు ఓపిగ్గా చదువుతాడు.

మీ ఎక్స్‌పైరీ రిటర్న్ పేజీనే, అంటే గడువు తీరిన మందులు డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి పంపే పేజీనే తీసుకుందాం, నేను చూడలేదు గానీ ఇలాంటి పేజీలు ఎలా మొదలవుతాయో తెలుసు: ‘మా ఎక్స్‌పైరీ మేనేజ్‌మెంట్ మాడ్యూల్ మీ వ్యాపారానికి సమగ్ర పరిష్కారాన్ని అందిస్తుంది.’ తీసిపారేయండి. బయట డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి వచ్చిన కుర్రాడు బండి స్టాండ్ కూడా వేయకుండా అట్టపెట్టె కోసం చూస్తున్నాడు. కౌంటర్లో వాళ్లకు ఆ నిమిషంలో కావలసింది ఏ మెనూలోకి వెళ్లాలి, సప్లయర్‌ని ఎక్కడ ఎంచుకోవాలి, బ్యాచ్ నంబర్ కొడితే ఎక్స్‌పైరీ తేదీ దానంతటదే వస్తుందా మనం వేయాలా, పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు అమ్మేసి ఆరు మిగిలితే క్వాంటిటీ ఏం కొట్టాలి, ప్రింట్ ఎలా తీయాలి. ఇంతే. ఆ సగం స్ట్రిప్ సంగతి మాత్రం మర్చిపోకండి, జనం ఇరుక్కునేది అలాంటి చోటే. తప్పు బ్యాచ్ కొట్టి సేవ్ చేసేస్తే వెనక్కి ఎలా రావాలో కూడా అక్కడే రాయండి, పేజీ అడుగున ‘సమస్యలు–పరిష్కారాలు’ అని పెడితే ఎవరూ అక్కడిదాకా రారు.

అదే షాపు ఓనర్ రాత్రి ఆడిటర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ అదే పేజీ తెరిస్తే ప్రశ్న వేరు. గడువు తీరిన మందులు వెనక్కి పంపితే జీఎస్టీ ఎలా చూపించాలి? 2018 అక్టోబర్‌లో పరోక్ష పన్నులు చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ సర్క్యులర్ ఇచ్చింది, అందులో రెండు దారులున్నాయి. కొత్త సప్లైలాగా ఇన్వాయిస్ వేసి పంపొచ్చు, లేదంటే డెలివరీ చలాన్ మీద పంపి అవతలివాళ్ల దగ్గర క్రెడిట్ నోట్ తీసుకోవచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఆప్షన్ పెడితే ఏ దారిలో వెళ్తుంది, రెంటికీ తేడా ఏమిటి అన్నది తీరిగ్గా, కారణాలతో సహా రాయాల్సిన విషయం. దాన్ని తెచ్చి పైన చెప్పిన స్టెప్పుల మధ్యలో ఇరికిస్తే ఇద్దరికీ పనికిరాదు. విడి పేజీ రాసి లింక్ ఇవ్వండి.

ఇక నిన్న పనిలో చేరిన అమ్మాయి ఉంటుంది. ఆమెకు స్టెప్పులూ వద్దు, వివరణా వద్దు, పాడవుతుందన్న భయం లేకుండా నొక్కి చూసే చోటు కావాలి. ఉత్తుత్తి షాపు ఒకటి, ఉత్తుత్తి స్టాక్‌తో ఇచ్చి, ఒక బిల్లు, ఒక రిటర్న్ మొదటి నుంచి చివరి దాకా చేయించండి. 1980ల్లో ఐబీఎంలో జాన్ కెరోల్ అనే ఆయన ఆఫీసు ఉద్యోగులు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని గమనించారు. వాళ్లు మాన్యువల్ వరసగా చదవలేదు, ముందుకు దూకారు, తమ సొంత ఉత్తరం టైప్ చేయబోయి ఎక్కడో ఇరుక్కుని, బయటికి రావడం తెలియక అవస్థ పడ్డారు. దాంతో ఆయన మాన్యువల్‌ని బాగా కుదించి, అసలు పనితోనే మొదలుపెట్టి, తప్పు జరిగితే ఏం చేయాలో చేర్చి ఇస్తే జనం తొందరగా నేర్చుకున్నారు. కొత్తవాళ్లు నొక్కకూడని ఆప్షన్లను కొన్నాళ్లు పనిచేయకుండా ఆపేసే పద్ధతి కూడా ఆయన బృందం ప్రయత్నించింది. మీ డెవలపర్లను అడగండి, ఉత్తుత్తి షాపులో అలాంటిది పెట్టడం వాళ్లకు పెద్ద పని కాకపోవచ్చు.

ఇవి మూడు రకాల పేజీలు. ఏ బాక్స్‌లో ఏం వేయాలో, ఏ కోడ్‌కి ఏ అర్థమో చూసుకునే పట్టిక నాలుగోది. ఈ విభజన నా సొంతం కాదు, డానియేల్ ప్రోచిదా దీనికి డయాటాక్సిస్ అని పేరు పెట్టారు. వెబ్‌సైట్లు తయారు చేసే జాంగో అనే సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ మొదటి పేజీ తెరిస్తే ఇలాంటి నాలుగు భాగాలే కనిపిస్తాయి. నాలుగు అనే మాట వినగానే మీ మేనేజర్‌గారు సంతోషిస్తారు, అది కూడా మనకు కలిసొచ్చేదే.

వీడియో సంగతి. థర్మల్ ప్రింటర్‌లో రోల్ ఎటు తిప్పి పెట్టాలి, బార్‌కోడ్ స్కానర్‌ని ఎలా కలపాలి లాంటివాటికి మీరు ఎంత రాసినా అర నిమిషం వీడియో ముందు ఆగదు, నిస్సందేహంగా తీయండి. మెనూలు చూపించడానికి మాత్రం తీయకండి, బటన్ ఒక్కటి జరిగినా మళ్లీ తీయాలి, అందులో బ్యాచ్ అనే మాట ఎక్కడుందో వెతకడం కుదరదు, కౌంటర్ దగ్గర గోలలో అది వినపడదు కూడా. తీసినవాటికి సబ్‌టైటిల్స్, స్క్రీన్‌షాట్లకు పక్కన మాటల్లో వివరణ తప్పనిసరిగా పెట్టండి. చూపు లేనివాళ్లు తెర మీది మాటల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తారు, బొమ్మలో మాత్రమే ఉన్న స్టెప్ వాళ్లకు లేనట్టే. ఇది స్టైల్ కాదు, అవసరం, దీనికి ఏ క్విజ్జూ అక్కర్లేదు.

వంద పేజీలూ ఒకేసారి ముట్టుకోకండి. సపోర్ట్‌కి వచ్చే ఫోన్ల రిజిస్టర్ తీసి, ఎక్కువసార్లు వచ్చిన ఐదు విషయాలు చూడండి, వాటినే మార్చండి. వీలైతే ఒక షాపులో సాయంత్రం రద్దీ వేళ పక్కన కూర్చోండి. నెల తర్వాత ఆ ఐదింటి మీద ఫోన్లు తగ్గాయా లేదా లెక్క తీసి మేనేజర్‌గారి ముందు పెడితే వాదన అక్కర్లేకుండా పోతుంది.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా సార్. పైథాన్ డాక్యుమెంటేషన్ తెరిస్తే నిద్రొస్తుంది. నేను విజువల్ లెర్నర్‌ని, నాకు యూట్యూబే కరెక్టా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నిద్రొస్తోందంటే నువ్వు లైబ్రరీ రిఫరెన్స్, అంటే ఫంక్షన్లన్నిటి జాబితా తెరిచి ఉంటావు బాబూ. అది ఎవరూ వరసగా చదవరు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా కావలసిన ఫంక్షన్ చూసుకుని మూసేస్తారు. అదే సైట్‌లో ట్యుటోరియల్ అని వేరే ఉంది, దాంతో మొదలుపెట్టు. పక్కన పైథాన్ తెరిచి ఉంచుకుని, ప్రతి ఉదాహరణకూ జవాబు ఏమొస్తుందో ముందే ఊహించి కాగితం మీద రాసి, అప్పుడు ఎంటర్ కొట్టు. నీ ఊహ తప్పిన చోట ఆగి చదువు, మిగతాది దాటెయ్. యూట్యూబ్ చూడొద్దనను, కానీ చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, వీడియో ఆపి ఖాళీ ఫైల్లో అదే కోడ్ రాసి చూడు, వచ్చిందో లేదో అప్పుడు తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో స్టీవెన్ క్లార్క్ ప్రోగ్రామర్లు పనిచేసే తీరును మూడు రకాలుగా చెప్పారు, ముందు కోడ్ రాసేసి తర్వాత అర్థం చేసుకునేవాళ్లు, అంతా అర్థమయ్యాకే చెయ్యి పెట్టేవాళ్లు, మధ్యరకం. నువ్వు మొదటి రకంలా ఉన్నావు. ప్రాజెక్ట్ వైవాలో ‘ఇది ఎందుకు రాశావు’ అని అడిగే నాటికి కాస్త రెండో రకం కూడా అవ్వాల్సి ఉంటుంది మరి.

ప్రశ్న: హెల్ప్‌లో ఏఐ చాట్‌బాట్ పెట్టేస్తే, ఎవరికి కావలసినట్టు వాళ్లకు అదే చెబుతుంది కదా, ఇంకా ఈ పేజీలన్నీ దేనికి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అది చదివి చెప్పేది ఆ పేజీలే కదండీ. మొదటి జవాబులో చెప్పిన సగం స్ట్రిప్ సంగతి ఎక్కడా రాయకపోతే అది ‘తెలియదు’ అనొచ్చు, లేదా పదింట్లో ఆరు మిగిలాయి కాబట్టి ధీమాగా 0.6 కొట్టమని చెప్పొచ్చు. మీ సాఫ్ట్‌వేర్ క్వాంటిటీని మాత్రల్లో లెక్కపెడుతుంటే ఆ రిటర్న్ ఎంత తేడా వస్తుందో ఒకసారి వేసి చూడండి.