సీసం గ్లేజు వాడతానన్న అమ్మలుకి

అమ్మలూ,

సొంతంగా స్టూడియో పెట్టి, పాతకాలపు సీసం గ్లేజుతో, అదే కాల్చాక మట్టిపాత్ర మీద గాజులా మెరిసే పూతతో, కప్పులూ గిన్నెలూ చేస్తావని మీ అమ్మ చెప్పింది. నా తర్వాత మన ఇంట్లో ఇంకొకరు మట్టి పట్టుకుంటున్నారని ఎంత గర్వపడ్డానో! సీసం అన్న మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది.

మాస్కు పెట్టుకో. పొడిచీపురు వాడకు, తడిగుడ్డతోనే తుడువు. పనిచేసే చోట ఏమీ తినకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

"ఫ్రిట్ రూపంలో, అంటే ముందే కరిగించి నూరిన గాజుపొడిగా, ఉన్న సీసమే కదా, కాలాక గాజైపోతుంది" అన్నావట. నాకు పని నేర్పిన మాస్టారూ అచ్చం ఇలాగే అనేవారు. అందులో సగం నిజం ఉంది. రెడ్ లెడ్ అనే సీసం ఆక్సైడ్ పొడి కలపడం కన్నా, సిలికాతో ముందే కరిగించిన ఫ్రిట్ వాడితే కలిపేవాళ్లకు ముప్పు తక్కువ. తినేవాళ్ల సంగతి వేరే. మాస్టారి దగ్గర రంగులేని గ్లేజు ఒకటుండేది, ల్యాబ్ పరీక్షలో నెగ్గింది కూడా. ఆ ధైర్యంతో అందులో కాస్త కాపర్ ఆక్సైడ్ కలిపి ఆకుపచ్చ చేశారు. ఏం పచ్చ అనుకున్నావు! చూసినవాళ్లు కొనకుండా వెళ్లేవారు కాదు. గ్లేజు పాతదే కదా అని ఆయన మళ్లీ పరీక్షకు పంపలేదు. చివరికి కొన్నవాళ్లలో ఒకరు పంపించారు. గిన్నెలో 4 శాతం ఎసిటిక్ ఆసిడ్ పోసి 24 గంటలు ఉంచితే, సీసం హద్దుమీరి దిగింది. రాగి చేరితే సీసం గ్లేజు పులుపుకి తట్టుకోలేదు, అదీ అసలు సంగతి. పాపం, ఆయన ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్నారు. దొరకనివి దొరకనేలేదు. నిమ్మచెక్క రుద్ది రంగు మారలేదు కాబట్టి పర్లేదు అనుకునేవు సుమా, దాన్నిబట్టి సీసం లేదని చెప్పలేం.

మాంట్రియల్‌లో ఒక పసివాడు సీసం గ్లేజు జగ్గులో నిలవ ఉంచిన ఆపిల్ రసం తాగి చనిపోయాడు. 1970లో డాక్టర్ల పత్రికలో వచ్చింది. అది చదివినప్పటి నుంచీ నాకు పిల్లల చేతిలో మట్టికప్పు చూస్తే చాలు, టెన్షనే. మన బుజ్జిగాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. పెద్దవాళ్లకన్నా పిల్లల ఒంటికి సీసం 4, 5 రెట్లు ఎక్కువ పడుతుంది. పైగా రెండో బిడ్డ కావాలంటున్నావు. ఎముకల్లో చేరిన సీసం ఏళ్లతరబడి అక్కడే ఉండి, కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి వస్తుందే తల్లీ! ముందు రక్తపరీక్ష చేయించుకో, తర్వాత నన్ను ఎంతైనా తిట్టుకో.

బోరాన్ ఫ్రిట్‌లు కూడా తక్కువ వేడికే కరుగుతాయి. ఆ లోతైన నిగనిగ రాదు, ఒప్పుకుంటాను. సీసమే కావాలని మొండికేస్తే గోడకు తగిలించే పళ్లేలకే వాడు. వాటికీ మధ్యలో చిల్లు పెట్టు, ఎవరూ అన్నం వడ్డించుకోకుండా.

ఇంకోటి. పాత కిల్న్, అదే మట్టిపాత్రలు కాల్చే బట్టీ, బేరమాడుతున్నావట. సీసం ఆవిరి లోపలి ఇటుకలకూ పలకలకూ పట్టి, తర్వాత కాల్చేవాటికి అంటుకుంటుంది. ఇంతకుముందు అందులో ఏం కాల్చారో వాళ్లని అడిగావా? అడిగి, డబ్బు కట్టకముందే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ