108 రాక సమయాల వివరాలు అడగవలసిన తీరు

గుంటూరులో మీ కాలనీకి 108 వాహనం ఆలస్యంగా వస్తోందని, వివరాలు అడిగితే జిల్లా మొత్తానికి ఒకే సగటు చెప్పి పంపారని రాశారు. ఆ సగటు మీకు ఎందుకూ పనికిరాదు. తొమ్మిది కాల్స్‌కు పది నిమిషాల్లో, పదో కాల్‌కు గంటకు బండి చేరినా సగటు పదిహేను నిమిషాలే వస్తుంది. ఆ గంటసేపు ఎదురుచూసిన ఇల్లు లెక్కలో కనిపించదు.

సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 6 కింద పది రూపాయల రుసుముతో మళ్లీ దరఖాస్తు చేయండి. సగటు కాకుండా, గత ఆరు నెలల్లో మీ ప్రాంతం నుంచి వెళ్లిన ప్రతి కాల్‌కూ ఫోన్ అందిన సమయం, వాహనం కదిలిన సమయం, రోగి దగ్గరకు చేరిన సమయం విడివిడిగా కావాలని రాయండి. ఈ మూడూ ఉంటేనే ఆలస్యం బండి దొరకకపోవడం వల్ల జరిగిందో, ట్రాఫిక్ వల్ల జరిగిందో తేలుతుంది. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదని స్పష్టంగా చెప్పండి. లేకపోతే వ్యక్తిగత సమాచారమనే కారణంతో తిరస్కరించే వీలుంటుంది.

నిర్వహణ ప్రైవేటు సంస్థదని చెప్పినా వెనక్కి తగ్గకండి. ప్రభుత్వ శాఖ అధీనంలో ఉన్న రికార్డు, అదే చట్టంలో సమాచార హక్కు అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(జె) పరిధిలోకి వస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు పెట్టండి.